ఎలాగూ కొడుతున్నాం కదా!

మా వంటిల్లు ఎనిమిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. 1987లో నాన్న గుంటూరులో ఈ ఇల్లు కట్టించినప్పుడు హాలుకీ, వరండాకీ, తులసికోటకీ పోగా మిగిలిన జాగాకి వంటిల్లని పేరు పెట్టారు. అందులో ఇద్దరు పడతారు. ఆ ఇద్దరూ మా అమ్మా, మా ఆవిడా అయినప్పుడు మాత్రం ఒకరే పడతారు. ఒకరు ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే రెండోవారు వరండాలోకి వచ్చి నిలబడాలి. తాలింపు పొగ మింగీ మింగీ గోడలు ఇంగువ రంగుకి తిరిగాయి. అటక మీద ఏముందో నాన్నకే తెలియాలి. ఆయన చెప్పకుండా వెళ్లిపోయారు.

చీటీ పాడిన డబ్బు 80,000 చేతిలో ఉంది. 'ఇంతకి పైసా దాటదు' అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

ముందు ఒక మాడ్యులర్ కిచెన్ల షోరూమ్‌కి వెళ్లాం. అక్కడి కుర్రాడు మా వంటింటిని కంప్యూటర్లో గీసి చూపించాడు. ఎంత బావుందంటే, అందులో వంకాయ కాల్చడానికి మనసొప్పదు. పొయ్యీ, సింకూ, ఫ్రిజ్జూ త్రిభుజంలో ఉండాలన్నాడు. మా ఇంట్లో మూడూ రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు ఒకే వరసలో ఉంటాయి. మొత్తం 3,80,000 అవుతుందన్నాడు. అందులో 80,000 మా దగ్గర సరిగ్గా ఉన్నాయి.

ఆ రాత్రి నిద్రపట్టక ఈ త్రిభుజాల సంగతేమిటో చదివాను. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెట్ షూట్టె-లిహోట్స్‌కీ అనే ఆర్కిటెక్ట్ మామూలు కుటుంబాల కోసం ఓ బుల్లి వంటిల్లు గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడుగు 3.4 మీటర్లు. వెడల్పులో మాదీ దాదాపు అంతే, పొడుగులోనే మూడడుగులు తగ్గాం. రైలు పెట్టెలో వంటవాళ్లు ఎలా మసులుతారో చూసి, ఏది ఎక్కడుంటే చెయ్యి అందుతుందో లెక్కకట్టి గీసిందావిడ. నేటి మాడ్యులర్ కిచెన్లకి అది అమ్మమ్మ వరస. అయితే, అది గీసేనాటికి తానెప్పుడూ వంట చేసి ఎరగనని ఆవిడే చెప్పుకుంది. నాకు కొండంత ధైర్యం వచ్చింది. వంట రాకపోవడమే అర్హతయితే నాకది పుట్టుకతోనే ఉంది. పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేశాను.

మేస్త్రీ వచ్చి గోడ మీద రెండు తట్లు తట్టి, ఆసుపత్రిలో డాక్టరులా నిట్టూర్చాడు. వంటగట్టు చూసి, "ఇంకా ఈ కడప బండేంటి సార్, మా తాతల కాలంది" అన్నాడు. నిజమే, దాని మీద తెల్లటి మరకలు కూడా ఉన్నాయి. కడప బండ సున్నపురాయి కాబట్టి పులుపు తగిలితే తినేస్తుంది. ముప్పయ్యేళ్ల పైబడి అమ్మ కోసిన నిమ్మకాయల లెక్కంతా ఆ బండ మీద ఉంది.

పని మొదలయ్యాక తెలిసింది, తెలుగులో అన్నిటికన్నా ఖరీదైన మాట 'ఎలాగూ' అని. నిఘంటువుల్లో అర్థాలు రాస్తారు గానీ ధరలు రాయరు. "ఎలాగూ టైల్స్ కొడుతున్నాం కదా సార్, లోపల ఇనప పైపు తుప్పు పట్టుంటది, మార్చేద్దాం" అన్నాడు మేస్త్రీ. ప్లంబర్ వచ్చి, "ఎలాగూ గోడ గాడి కొట్టాం కదా, వైరింగు కూడా కానిచ్చేయండి" అన్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఓవెన్‌కి పదహారు ఆంపియర్ల ప్లగ్గు పెడతానన్నాడు.

"మాకు ఓవెన్ లేదు."

"ఎలాగూ కొంటారు కదా సార్!"

వెనక మా ఆవిడ మొహం వెలిగింది. ఫ్రిజ్ మీద కాగితాన్ని ఆ రాత్రి నేనే చింపేశాను.

ఇరవై ఆరు రోజులు పెరట్లోనే వంట. కడప బండని నలుగురు మోసుకొచ్చి ఇటుకల మీద పెడితే, అమ్మ దాని మీద స్టవ్ పెట్టుకుని, జామచెట్టు కింద హాయిగా వండింది. మేస్త్రీ మాత్రం నాలుగు రోజులకోసారి మాయమయ్యేవాడు. ఫోన్ చేస్తే "దార్లో ఉన్నా సార్" అనేవాడు. ఏ ఊరి దారో అడగలేదు నేను.

కొత్త గట్టుకి చీమకుర్తి గ్రానైట్ వేయించాం. ఒంగోలు దగ్గరి ఆ క్వారీల నుంచి దేశదేశాలకి వెళ్లే గెలాక్సీ రకం. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, ఆకాశంలో నక్షత్రాల్లా. ముక్కలుగా మిగిలినవి బేరమాడి తెచ్చాను. మొదటిరోజు పొద్దున అమ్మ తడిగుడ్డతో గట్టు తుడుస్తూ కనిపించింది. పావుగంటయ్యాక వెళ్లినా తుడుస్తూనే ఉంది.

"ఒరే, ఈ ఉప్మా రవ్వ ఎంత తుడిచినా పోదేంట్రా?"

అది రవ్వ కాదనీ, అందమనీ చెప్పాను. మర్నాడు నిజంగానే రవ్వ ఒలికింది. ఎవరికీ కనిపించలేదు, చీమలకి తప్ప.

సొరుగుల సంగతి మరోటి. లాగితే నూనె మీద జారినట్టు వస్తాయి, నెడితే వాటంతటవే మూసుకుంటాయి. లోతు ఎనిమిదంగుళాలు. మా ఆవకాయ జాడీ ఎత్తు పద్నాలుగు. "జాడీని పడుకోబెట్టమంటావా?" అంది అమ్మ. ఇప్పుడు జాడీలు హాల్లో టీవీ పక్కన ఉన్నాయి. వచ్చినవాళ్లు అలంకారం అనుకుంటున్నారు.

లెక్క 1,46,000 దగ్గర ఆగింది. చిమ్నీ అందులో లేదు, దాని కోసం గోడకి కొట్టిన కన్నం మాత్రం ఉంది.

ఆఖరి రోజు మేస్త్రీ డబ్బులు లెక్కపెట్టుకుని, ఇటుక ముక్కలు తీసుకెళ్లడానికి ట్రక్ ఆటో తెప్పించాడు. చూస్తే, చెత్త మీద రెండు గోనెసంచులు పరిచి, మా కడప బండని పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఎక్కిస్తున్నారు.

"అదెక్కడికి?"

"మా ఇంట్లో వంటగట్టు వేస్తున్నా సార్. రెండంగుళాల మందం, ఇలాంటి బండ ఇప్పుడెక్కడా దొరకదు. మీకెలాగూ అక్కర్లేదు కదా!"

నా నోట మాట రాలేదు. ఈలోగా అమ్మ చేతిలో గరిటెతోనే గేటు దాకా వచ్చి, బండ మీద ఒకసారి చెయ్యి వేసింది.

"నిమ్మకాయలు దీని మీద కొయ్యొద్దని మీ ఆవిడకి చెప్పు నాయనా, మచ్చ పడుద్ది."