గాలికి పోయే సొమ్ము

మా బావ కారుకి నాలుగు ఆకుపచ్చ మూతలున్నాయి. టైరు వాల్వు మీద బిగించే బుల్లి ప్లాస్టిక్ మూతలు. మామూలుగా అవి నల్లగా ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. పచ్చవంటే లోపల నైట్రోజన్ ఉందని లోకానికి చాటింపు. సెల్లార్‌లో కారు పెట్టేటప్పుడు చక్రాన్ని ఓ బెత్తెడు ముందుకో వెనక్కో జరిపి, లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ళకి ఆ మూత కనపడేలా ఆపుతాడని మా అక్క అభియోగం. బావ ఖండించాడు. ఖండిస్తున్నప్పుడు మాత్రం నేల చూపులు చూశాడు.

"నీ బండికి ఏం కొట్టిస్తున్నావు బామ్మర్దీ?" అని అడిగాడు నన్ను.

"గాలి."

"మామూలు గాలేనా?"

ఆ 'మామూలు'లో ఉన్న జాలి, మా ఇంట్లో ఏసీ లేని రోజుల్లో కూడా చూపించలేదు.

మా వైపు బంకుల్లో ఇప్పుడు రెండు మూలలుంటున్నాయి. ఒక మూల ఉచిత గాలి. దీన్ని బంకువాళ్ళు ఊరికే ఇచ్చి తీరాలన్నది నిబంధన. తాగే నీళ్ళు, మరుగుదొడ్డి కూడా ఆ నిబంధన కిందివే కాబట్టి ఆ గాలి వైభోగం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. పైపు ఉంటుంది, పైపు చివర నాజిల్ ఉండదు. నాజిల్ ఉన్న రోజు కుర్రాడుండడు. ఇద్దరూ కలిసొచ్చిన రోజు కంప్రెసర్ పనిచేయదు. మీటరు అద్దం పగిలి, ముల్లు ఏ కాలంలోనో 40 దగ్గర ఆగిపోయి, సైకిలుకైనా లారీకైనా అదే చూపిస్తూ ఉంటుంది. రెండో మూల నైట్రోజన్. అక్కడ గొడుగుంది, కుర్చీ ఉంది, కుర్చీలో మనిషున్నాడు. ఎర్రటి అంకెలు వెలిగే పెట్టె ఉంది. 33 అని నొక్కి నాజిల్ తగిలిస్తే తనే నింపుకుంటూ పోయి, సరిపోగానే 'కుయ్' అంటుంది. నా దృష్టిలో టైరుకి తీసుకునే డబ్బులో సగం ఆ కుయ్‌కే చెల్లు. పైనుంచి కాస్త నింపితే ఒక రేటు, ఉన్నది తీసేసి నింపితే ఇంకో రేటు. బంకును బట్టి పదో, ఇరవయ్యో, యాభయ్యో.

సరే, ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది? బడిలో చదివిందే. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్, మిగిలిన ఒక్క శాతంలో దాదాపు అంతా ఆర్గాన్. అంటే మొదటి మూలలో కుర్రాడు లేనప్పుడు మనం కొట్టించుకోలేకపోయింది కూడా ముప్పాతికకి పైగా నైట్రోజనే. పాపం వాళ్ళకి బోర్డు రాసుకోవడం రాలేదంతే. ఆ మెరిసే పెట్టె చేసేదేమిటంటే, మనందరి గాలినే లోపలికి లాక్కుని, అందులోంచి ఆక్సిజన్‌ని వేరు చేసి పక్కనుంచి బయటికి వదిలేయడం. మనం డబ్బిచ్చేది ఏదో పెట్టినందుకు కాదు, ఐదో వంతు తీసేసినందుకు. పాలవాడు నీళ్ళు కలపనందుకు వేరే బిల్లు వేసినట్టు. (ఆ పక్కనుంచి వదిలేసే దాని కోసమే 2021 వేసవిలో సిలిండర్లు పట్టుకుని ఊరంతా పరుగులు తీశాం. అప్పుడు నైట్రోజన్ ప్లాంటునే కాస్త మార్చి ఆక్సిజన్ రాబట్టవచ్చని ఐఐటీ బొంబాయి వాళ్ళు చేసి చూపించారు.)

నైట్రోజన్ చవగ్గా కావాలంటే నా దగ్గర వేరే దారుంది. చిప్స్ ప్యాకెట్. ముక్క మెత్తబడకుండా, నూనె కంపు కొట్టకుండా అందులో నింపేది దాన్నే. కొనుక్కున్నవాడికి అడుగున నాలుగు చిప్స్ కూడా దొరుకుతాయి.

అసలు దెబ్బ సంక్రాంతికి తగిలింది. మా బాబాయ్ తెనాలి పక్కన వరి వేస్తాడు. వాకిట్లో ఆగిన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మూత దగ్గర కూర్చుని, "ఇయ్యేంటి అల్లుడుగారూ, పచ్చగా?" అన్నాడు.

"నైట్రోజనండీ. నత్రజని."

బాబాయ్ లేచి, పంచె దులుపుకుని, చాలా గౌరవంగా అడిగాడు. "ఎకరాకి ఎంత ఏశారు?"

అంతటితో వదిలేస్తే అయిపోయేది. కానీ రైతు దగ్గర నత్రజని పేరెత్తి తప్పించుకోవడం కుదరదు. యూరియా బస్తా 45 కిలోలు, ధర 266 రూపాయల 50 పైసలు. అందులో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైమాటే. సబ్సిడీ పుణ్యమా అని ఆ ధర, అదీ వరసలో నిలబడి దొరికితే. "మరి మీ చక్రంలో ఎన్ని కిలోలు పడుతుంది?" అన్నాడు. బావ నా వంక చూశాడు. నేను ఫోన్ తీసి గుణించాను. చిన్న కారు టైరు లోపల చోటు పాతిక, ముప్ఫై లీటర్లు. 33 పీఎస్ఐ దాకా నింపితే లోపలున్న వాయువు మొత్తం తూకం 100 గ్రాములు, కాస్త అటూ ఇటూగా. నాలుగు చక్రాలూ కలిపినా అర కిలో కాదు. టైరుకి యాభై చొప్పున రెండొందలు.

"అరకిలో నత్రజని రెండొందలా!" బాబాయ్ అరుగు మీద కూలబడ్డాడు. "అందులో ముప్పావు వంతు ముందే ఉందంటున్నాడు మావాడు. జీలుగ చల్లి కలియదున్నుకుంటే వేళ్ళ బుడిపెలే గాల్లోంచి లాగి పెడతాయి కదయ్యా, ఊరికే!" బావ కారు తాళాలు వెతుక్కునే నెపంతో లోపలికి వెళ్ళాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

ఇలా రాస్తున్నానని బావ పక్షాన వాదనే లేదనుకోకండి. ఉంది, గట్టిదే. పేరు విమానం.

1986 మార్చి 31న మెక్సికో సిటీ నుంచి బయలుదేరిన మెక్సికానా వారి బోయింగ్ 727లో ఒక బ్రేకు విపరీతంగా వేడెక్కింది. ఆ చక్రం టైరులో నైట్రోజన్ బదులు మామూలు గాలి ఉంది. గాలిలో పైకి లేచాక ఆ టైరు పేలి, ఇంధనం, హైడ్రాలిక్ గొట్టాలు తెగి, విమానం మంటల్లో కూలింది. 167 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ పెద్ద విమానాల బ్రేకులున్న చక్రాల్లో నైట్రోజనే ఉండాలని, ఆక్సిజన్ 5 శాతం దాటకూడదని కట్టడి చేసింది. విమానం టైరులో ఒత్తిడి రెండొందల పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది. దిగేటప్పుడు బ్రేకు నిప్పులు కక్కుతుంది, పైన బయటి చలి మైనస్ 50కి పోతుంది. అక్కడ నైట్రోజన్ సోకు కాదు, ప్రాణం.

"విని తెలుసుకో. మన ప్రాణం ప్రాణం కాదా?" అంటాడు బావ. ప్రాణమే. కానీ బావ కారు ఇప్పటిదాకా ఎక్కిన ఎత్తల్లా హైదరాబాద్‌లోని బయోడైవర్సిటీ ఫ్లైఓవర్. అక్కడికి ఉదయం తొమ్మిదింటికి చేరితే బ్రేకు వేడెక్కేంత వేగం ఎవరికీ రాదు.

2019 జూలైలో కేంద్ర మంత్రి గడ్కరీ రాజ్యసభలో, టైర్లలో గాలి బదులు నైట్రోజన్ తప్పనిసరి చేసే ఆలోచన ఉందన్నారు. ఆలోచన వాళ్ళది, అమలు మా బావది.

ఇక బంకులో కుర్చీ మనిషి వల్లించే మంత్రాలు. మొదటిది: "నైట్రోజన్ ఎండకి ఉబ్బదు సార్." ఈ విషయం గే-లుసాక్ అనే ఫ్రెంచి ఆయన 1802లోనే తేల్చేశాడు. మన వాడకంలో ఏ వాయువైనా వేడెక్కితే ఒకే లెక్కన పెరుగుతుంది. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 పెట్టిన టైరు, మే నెల మధ్యాహ్నం రామగుండం రోడ్డు మీద పరుగెత్తి లోపల 60 డిగ్రీలకి చేరితే 37, 38 చూపిస్తుంది. నైట్రోజనా, గాలా అని అడిగి చూపించదు. లెక్క తప్పేది ఎప్పుడంటే, లోపల నీళ్ళు చేరినప్పుడు. కంప్రెసర్ ట్యాంకు అడుగున పేరుకున్న నీటిని రోజూ వదలకపోతే ఉక్కపోత ఊళ్ళల్లో ఆ తడంతా గాలితో పాటు టైరులోకి పోతుంది. రిమ్ము తుప్పు పట్టేది దానివల్లే. నైట్రోజన్ మిషన్ పొడి వాయువునిస్తుంది, అది నిజమైన మేలు. ట్యాంకు కింద కుళాయి తిప్పే ఓపికున్నవాడు మామూలు గాలితోనూ ఆ మేలు చాలావరకు చేయగలడు.

రెండోది: "లోపలి నుంచి రబ్బరు పాడవదు సార్." బాగానే ఉంది. కానీ టైరుకి బయటి వైపని ఒకటుంది కదా, అది రాత్రింబవళ్ళు ఆక్సిజన్‌లోనే, ఎండలోనే ఉంది.

మూడోది: "గాలి దిగదు సార్." ఇందులో కొంత నిజముంది. రబ్బరులోంచి ఆక్సిజన్ జారిపోయినంత త్వరగా నైట్రోజన్ జారదు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికవాళ్ళు ఈ తగువు తీర్చాలని 31 రకాల టైర్లు తెచ్చి, ప్రతి రకంలోనూ ఒకదానికి గాలి, ఒకదానికి నైట్రోజన్ 30 పీఎస్ఐ చొప్పున పట్టించి, ఏడాది పాటు ఆరుబయట వదిలేశారు. ఏడాదయ్యాక చూస్తే గాలి సగటున 3.5, నైట్రోజన్ 2.2 తగ్గాయి. తేడా 1.3. ఏడాదికి! ఈ తగువులో నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. ఆక్సిజనే ముందు జారిపోతుంది కాబట్టి, దిగినప్పుడల్లా మామూలు గాలే కొట్టిస్తూ పోతే లోపల నైట్రోజన్ పాలు దానంతటదే పెరుగుతూ వస్తుంది. నా పాత కారు టైర్లు ఏ ఖర్చూ లేకుండా బావ దారిలోనే నడుస్తున్నాయన్నమాట, నల్ల మూతలతో.

బావ టైర్లలో మాత్రం నిజంగా ఎంతుందో! టైరును పూర్తిగా దింపేసినా బయట ఎంత ఒత్తిడి ఉందో అంత గాలి లోపల మిగులుతుంది. దాని మీద 95 శాతం నైట్రోజన్ ఒకసారి నింపితే వచ్చేది 90 శాతం. ఇంకోసారి దింపి నింపితే 93. మా బంకు మనిషి మొదటిసారి కూడా దింపడు. 28 ఉంటే దాని మీదే 33 దాకా ఎక్కించి, మూత మార్చేస్తాడు. మూత మాత్రం నూటికి నూరు శాతం ఆకుపచ్చ.

ఇదంతా వేడుకే. ఊరికే ఇస్తే నేనూ కొట్టించుకుంటాను. కొలత చక్కగా చూపించే పెట్టె, కుర్చీలో మనిషి ఉన్నందుకు ఇరవై రూపాయలిచ్చినా నాకు బాధ లేదు. నాకు కోపమొచ్చేది నాలుగో మంత్రానికి: "మామూలు గాలి కలపొద్దు సార్, టైర్ ఖరాబైతది." ముప్పాతిక నైట్రోజన్ ఉన్నదాన్ని నైట్రోజన్‌లో కలిపితే ఏమవుతుంది? ఏమీ కాదు. కానీ ఈ మాట చెవిన పడ్డవాడు రెండు పనులు చేస్తాడు. నైట్రోజన్ దిగదనే భరోసాతో నెలల తరబడి మీటరు పెట్టి చూడడు. దిగిందని తెలిశాక, గాలి ఉన్నచోట ఆగడు.

విజయవాడలో పెళ్ళికి వెళ్తున్నాం. చౌటుప్పల్ దాటగానే ముందు ఎడమ చక్రం గాలి తగ్గినట్టు కారే దీపం వెలిగించి చెప్పింది. చిట్యాలలో ఆగితే "గాలే ఉంది సార్" అన్నారు. నార్కట్‌పల్లిలో అదే జవాబు. "కలపకూడదురా" అని బావ గంటకి నలభైలో నడుపుతూ, సూర్యాపేటలో కచ్చితంగా దొరుకుతుందని మాకు ధైర్యం చెబుతున్నాడు. గాలి తగ్గిన టైరు పక్కలు నలిగి నలిగి వేడెక్కుతాయని నేనన్నాను. ముహూర్తం ఎన్నింటికో అక్క గుర్తు చేసింది. నకిరేకల్ దాటాక ఆ టైరు మా ఇద్దరి వాదనా వినలేక కూర్చుండిపోయింది.

అదృష్టం కొద్దీ కూతవేటు దూరంలో పంక్చర్ షాపు. కానుగ చెట్టు కింద రేకుల పందిరి, నీళ్ళ తొట్టి, కొమ్మకి వేలాడేసిన పాత ట్యూబు. ఆ కుర్రాడు జాకీ ఎక్కించి, చక్రం ఊడదీసి, పక్క గోడ లోపలంతా పొడిపొడిగా రాలడం చూసి, "ఇది ఇక పన్జేయదు సార్, స్టెప్నీ తియ్యండి" అన్నాడు. పెళ్ళి సామాన్లన్నీ రోడ్డు పక్కన పెట్టించి అడుగునుంచి స్టెప్నీ లాగాం. షోరూమ్‌లో పెట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా దాని మీదే ఉంది. కుర్రాడు మీటరు పెట్టాడు. ముల్లు 8 దగ్గర ఒకసారి వణికి ఆగింది.

"ఇందులో నైట్రోజనా, గాలా సార్?" అన్నాడు, పైపు చేతిలో పట్టుకుని.

బావ ఇంకా నోరు తెరవలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడ్డ మా అక్క చెప్పింది. "ఏదీ లేదు నాయనా. నీ దగ్గరున్నది కొట్టు."