గయుడి విమానం

ఆకాశంలో పోతున్న పరాయి లోకపు వాహనం మీద దాడికి మొట్టమొదట ఆజ్ఞ ఇచ్చింది కెప్టెన్ కిర్క్ అని మా మేనల్లుడి నమ్మకం. వాణ్ణి అని లాభం లేదు, హైదరాబాదులో పెరిగాడు. గుడివాడ, బందరు, దివిసీమల్లో ఏ అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిని అడిగినా ఆ ఆజ్ఞ ఇచ్చింది శ్రీకృష్ణుడని చెబుతాడు. ఏ రాగంలో ఇచ్చాడో కూడా చెబుతాడు. మీకు తీరికుంటే పాడి వినిపిస్తాడు, తీరిక లేకపోయినా వినిపిస్తాడు.

కేసు పూర్వాపరాలివి. కృష్ణుడు ఏట్లో నిలబడి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని, సూర్యుడికి అర్ఘ్యం విడవబోతున్నాడు. నెత్తిమీదుగా గయుడనే గంధర్వుడు విమానంలో పోతూ తాంబూలం ఉమ్మాడు. అది సరాసరి వచ్చి దోసిట్లో పడింది. గుడివాడ నుంచి బందరు పోయే బస్సులో కిటికీ పక్కవాడు కిళ్ళీ ఉమ్మితే వెనకాల స్కూటరు మీద వచ్చేవాడి తెల్లచొక్కా ఏమవుతుందో తెలిసినవాళ్ళకి కృష్ణుడి కోపం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఉమ్మినవాణ్ణి చంపి తీరతానని అక్కడికక్కడే శపథం పట్టేశాడు. ఎవడు ఉమ్మాడన్నది తర్వాత కనుక్కున్నాడు. గయుడు పోయి అర్జునుణ్ణి శరణు వేడితే, ఆయన కాపాడతానని మాటిచ్చేశాడు.

కిర్క్ గారు అలా కాదట. మొన్న దసరా సెలవులకొచ్చి మేనల్లుడు టీవీకి ఏదో వైరు తగిలించి ‘స్టార్ ట్రెక్’ పెట్టాడు. అందులో కెప్టెన్ కిర్క్ ముందు ఆ వచ్చేది ఎవరి నౌకో చూడమంటాడు, పలకరించమంటాడు, రక్షణ కవచాలు లేపమంటాడు. ఇదంతా కుర్చీలోంచి లేవకుండానే. అవతలి నౌక దెబ్బ కొట్టినప్పుడల్లా కెమెరా ఓ పక్కకి ఒరుగుతుంది, లోపలి జనమంతా కూడబలుక్కున్నట్టు తూలుతారు. ఇది నాకు మహా నచ్చింది. మా నాటకాల్లో రథమూ అంతే. అది కదలదు, అందులో ఉన్నవాళ్ళే కదులుతారు.

“మామయ్యా, ఇప్పుడు చూడు, ఫోటాన్ టార్పెడోలు వేస్తారు.”

“వెయ్యమని ఎవరు చెప్పాలి?”

“కెప్టెన్.”

“మరి పద్యమేదిరా?”

వాడు నా వంక అదోలా చూశాడు. ఈలోపు ఆయన ఒక్క మాటన్నాడు, ఒకడు మీట నొక్కాడు, నౌక కాస్తా పేలిపోయింది. అయిపోయింది. బాగుందని వన్స్‌మోర్ కొడదామా అంటే పేలిన నౌక మళ్ళీ ఎలా పేలుతుంది?

ఎవరు ముందన్న విషయం కూడా తేల్చేద్దాం. అమెరికావాళ్ళ టీవీలో కిర్క్ నౌక ఎక్కింది 1966లో. కె.వి. రెడ్డి గారి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ 1963లోనే వచ్చింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ‘గయోపాఖ్యానం’ నాటకం రాసిందైతే అంతకు ముందటి శతాబ్దంలో. రైట్ సోదరులు విమానం ఎగరేసింది 1903లో. అంటే విమానం పుట్టకముందే మనవాళ్ళు అందులోంచి ఉమ్మించారు.

ఆ సినిమాలో యుద్ధం ద్వారకకీ ఇంద్రప్రస్థానికీ అంటారు గానీ నన్నడిగితే అంతా గుడివాడ చుట్టుపక్కలే జరిగింది. కృష్ణుడు రామారావు గారిది నిమ్మకూరు. అర్జునుడు నాగేశ్వరరావు గారిది రామాపురం. ఇద్దరికీ పద్యాలు పాడిన ఘంటసాల గారు పుట్టింది చౌటపల్లి. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు బందరులో చదువుకుని, అక్కడి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు రాసి, అప్పుడు మద్రాసు రైలెక్కినవారు. ఇందులో నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది ఘంటసాల గారి సంగతి. దాడి చేస్తానని కృష్ణుడి తరఫున బెదిరించేదీ ఆయన గొంతే, చేతనైతే చేసుకోమని అర్జునుడి తరఫున జవాబిచ్చేదీ ఆయన గొంతే. రెండు నౌకల్లోనూ ఒకే కెప్టెన్ కూర్చుని తనమీద తనే కాల్పులకి ఆజ్ఞ ఇచ్చుకుంటే, అందులో ఏ నౌకా తగ్గకపోతే, అప్పుడు కదా తెలిసేది ఎవరు మొనగాడో.

సినిమా సరే, అసలు రుచి తిరనాళ్ళ నాటకంలో ఉంది. పామర్రు పక్కన మా ఊళ్ళో రాత్రి పదింటికి మొదలవ్వాల్సింది పదకొండున్నరకి మొదలయ్యేది. అర్దళం పట్టించిన మొహాలు, అద్దెకి తెచ్చిన కిరీటాలు, పైనుంచి వేలాడే మైకులు. కృష్ణుడు ఒక్కడు కాదు. పాంప్లెట్లోనే వేసేవారు, ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా అని. శపథం పట్టినవాడు బొద్దుగా ఉంటే యుద్ధానికి వచ్చినవాడు సన్నగా ఉండేవాడు. నౌక సగం దారిలో ఉండగా కెప్టెన్ మారిపోయాడని ప్రేక్షకుల్లో ఒక్కడూ కంగారు పడేవాడు కాదు, రెండోవాడి శారీరం ఎలా ఉందన్నదే చర్చ.

దాడికి ఆజ్ఞ ఇచ్చే విధానం ఇది. కృష్ణుడు ముందు ఉత్తరీయం సర్దుకుంటాడు. మైకు కిందికి ఒకడుగు జరుగుతాడు. హార్మోనిస్టు వంక ఓ చూపు విసురుతాడు. శ్రుతి అందాక పద్యం ఎత్తుకుంటాడు. పద్యం నాలుగు పాదాలే, రాగం మాత్రం కంకిపాడు దాకా వెళ్ళొస్తుంది. ఈలోగా శత్రువు ఎన్ని లోకాలు దాటి పారిపోవచ్చు! పారిపోడు. ఎందుకు పోతాడు, తర్వాతి పద్యం అతనిది. గురి చూసే సామగ్రికి మా ప్రాంతంలో కొదవ లేదు. బందరులో 1926లోనే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టారు, 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది, ఇప్పుడు సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు చేస్తోంది. మా కృష్ణుడికి ఫ్లడ్‌లైట్ల వెలుతుర్లో మూడు గజాల దూరంలో ఉన్న అర్జునుడు కూడా కనపడడు. కళ్ళు మూసుకుని ఉంటాడు, ఆలాపన నడుస్తోంది.

ఇంతకీ పద్యంలో ఏముంటుంది? గయుడి మాట ఓ పాదంలో అయిపోతుంది. మిగిలిన మూడు పాదాలూ బావా, నీకు నేనేం తక్కువ చేశాను అన్నదే. నా చెల్లెల్ని ఇచ్చాను, రథం తోలాల్సివస్తే తోలుతాను, నువ్వు వాణ్ణి దాచిపెడతావా అని ఈయన. మాటిచ్చాక ఎవడైతే ఏం, నువ్వైతే మాత్రం ఏం అని ఆయన. సుభద్ర వచ్చి అన్నగారికి చెబుతుంది, వినడు. అటు వెళ్ళి మొగుడికి చెబుతుంది, ఆయనా వినడు. గట్టు తగాదాకి పొలం కొలవడానికొచ్చిన సర్వేయర్ని పక్కన కూర్చోబెట్టి, పెళ్ళినాటి లాంఛనాల దాకా వెళ్ళిపోయే అన్నదమ్ముల్ని మా వైపు చాలామందిని చూశాను. గ్రహాంతర శత్రువు ఎదురుపడినా మాకు ముందు బావమరిది లెక్క తేలాలి. ఆ గయుడి వేషగాడు, పాపం, రెండు సీన్లు ఆడి, శరణు వేడి, లోపలికెళ్ళి రంగు కూడా కడుక్కోకుండా బీడీ ముట్టించేవాడు. యుద్ధం తన గురించేనన్న సంగతి అతనికీ గుర్తుండేది కాదు.

అస్త్రాల విషయంలో మాత్రం మావాళ్ళు నిక్కచ్చిగా ఉండేవారు. ఆగ్నేయాస్త్రం అంటే తెర వెనక గుప్పెడు గుగ్గిలం, ఓ కాగడా. దానికి విరుగుడు వారుణాస్త్రం. నాటకాలు చూడ్డానికి నాగాయలంక, కోడూరు వైపు నుంచి చుట్టాలు దిగేవారు. శివారు భూముల వాళ్ళు. కాలవలు వదిలారని పేపర్లో చదవడమే గానీ నీళ్ళు కళ్ళపడేసరికి నారు ముదిరిపోయే ఊళ్ళు వాళ్ళవి. అర్జునుడు వారుణాస్త్రం సంధించగానే వాళ్ళలో ఒకాయన లేచి, “బాబ్బాబు, ఆ వేసేదేదో కాలవలో వెయ్యి, నీకు పుణ్యముంటుంది” అని కేకేశాడు. నాటకం ఆగిపోయింది. అర్జునుడు బాణం దించి నవ్వుతూ నిలబడిపోయాడు. కార్తీకంలో పనలు పొలంలో ఉండగా అదే అస్త్రం వేసుంటే ఆయనే స్టేజీ ఎక్కి విల్లు లాక్కునేవాడని నా అనుమానం.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. ఓపిగ్గా విని, “ఇంతకీ గయుడి మీద ఎటాక్ చేశారా, లేదా?” అన్నాడు. వీడికెప్పుడూ ఫలితం కావాలి.

చెయ్యలేదురా. తెల్లారుజామున శివుడు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి రాజీ చేసేవాడు. ఒక ఏడాది ఆయన వచ్చి, బావాబావమరుదుల్ని కౌగిలింపజేసి, “గయా, ఇటు రా” అన్నాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచాడు. తెర పక్కనుంచి మేకప్పాయన తల బయటపెట్టి, అతనికి పొద్దున్నే డ్యూటీ ఉందండీ, అవనిగడ్డ ఫస్టు బస్సుకి వెళ్ళిపోయాడు అన్నాడు. శివుడు ఒక్క క్షణం హార్మోనిస్టు వంక చూసి, ఆయన శ్రుతి ఇవ్వగానే, ఖాళీ జాగాకే అభయహస్తం పట్టి పద్యం అందుకున్నాడు. వన్స్‌మోర్ కొట్టారు.