ఊరికే కూర్చుని దొంగను పట్టే చిట్కాలు

పిల్లల్ని ఎత్తుకెళ్లేవాణ్ణి పట్టాలంటే రాత్రంతా గస్తీ తిరగక్కర్లేదు. ఫోనూ, ఒక బొటనవేలూ చాలు. ఇందులో ఏదీ నా కల్పన కాదు. అన్నీ 2018లో మన దేశంలో జనం చేసి చూపించినవే.

1. వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియో చివరిదాకా చూడకండి. బైకు మీద వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుపోయే ఆ దృశ్యం కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రంలోది. చివర్లో పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దించేస్తారు. ఆ ముక్క ఎవరో కోసేశారు. మీకు శ్రమ తప్పింది.

2. పైన "మన పక్క మండలంలోనే" అని చేర్చండి. ఊరి పేరు రాస్తే ఎవరో ఒకరు అక్కడికి ఫోన్ చేసి కనుక్కుంటారు. "పార్థీ గ్యాంగ్ దిగింది" అంటే ఇంకా మంచిది. ఇంగ్లీషువాళ్ల నేరస్థ జాతుల చట్టం ఆ తెగ మీద వేసిన ముద్ర ఇంకా చెరగలేదు. వాళ్లెలా ఉంటారో మన వీధిలో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరైనా సరిపోతారు.

3. ఠాణాకు చెప్పకండి. వాళ్లు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారని అడుగుతారు. గ్రూపులో ఎవరూ అడగరు. అప్పట్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపి, పాటలు కట్టించి మరీ ఇవి పుకార్లని చెప్పించారు. అంత తిరుగుడు మీకెందుకు?

4. మన యాస రానివాణ్ణి, అడుక్కునేవాణ్ణి ఎంచుకోండి. ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ దొరికింది. జులై 1న ధూలే జిల్లా రైన్‌పాడ సంతలో ఐదుగురు సంచార భిక్షువులు దొరికారు. వాళ్లలో ఒకరు చిన్నపిల్లతో మాట్లాడారు, అంతే. పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి ఐదుగురినీ కొట్టి చంపారు. జవాబు వినకండి. తడబడితే దొంగ. ఏడిస్తే దొంగ. పరుగెత్తితే ఇక సందేహమే లేదు.

5. పరుగెత్తితే ముందు ఊరి గ్రూపుకి కబురు పెట్టండి. జులై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర పనిచేసిన పద్ధతి ఇదే. హైదరాబాద్ నుంచి కారులో వెళ్లినవాళ్లు బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. వాళ్లకంటే ముందే వాళ్ల వీడియో వెళ్లింది, దారి మూసేశారు. ఒక ఇంజినీరు చనిపోయాడు. అడ్డుపడిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. పిల్లల చేతిలో చాక్లెట్ పెట్టడం తప్ప ఆ మనుషులు చేసిందేమీ లేదు.

6. అబద్ధమని చెప్పేవాణ్ణి మైకు ఎత్తనివ్వకండి. త్రిపురలో పుకార్లు నమ్మొద్దని ఊరూరా చెప్పడానికి ప్రభుత్వం పెట్టుకున్న మనిషిని జూన్ 28న జనమే చంపేశారు.

7. సాకులు ముందే తయారుగా ఉంచుకోండి. "నేను ఫార్వర్డ్ చేశానంతే." "నేను వీడియో తీశానంతే." "నేను ఒక్క దెబ్బే వేశాను, అప్పటికే పడిపోయాడు." "మా పిల్లల కోసమే కదా." అందరూ తలా ఒకటి చెబితే చంపినవాడు ఎక్కడా మిగలడు.

8. అదే జులైలో వాట్సాప్ ఒకేసారి ఐదు చాట్‌లకే పంపేలా కట్టడి ప్రకటించింది. బెంగపడకండి, మళ్లీ నొక్కండి.

9. శవం లేచాక మెసేజ్ చెరిపేయండి. పొద్దున్నే అదే గ్రూపులో గులాబీ బొమ్మతో శుభోదయం పెట్టండి.