విలువ గడిలో ఏం రాయమంటారు?

తపాలా శాఖ పెద్దలకు, కోహినూరు యజమాని నమస్కరించి రాయునది.

కంగారుపడకండి. లండన్‌లో ఉన్న రాయి సంగతి కాదు. మా నాన్నగారి హెచ్‌ఎంటీ వాచీ పేరు కోహినూర్, రోజూ కీ ఇచ్చే రకం. కొడుకులం ఇద్దరం, వాచీ ఒకటి. నా ఏడాది వంతు అయిపోయింది, పుణెలో ఉన్న తమ్ముడికి పంపాలి. ఆ కంపెనీ వాచీల విభాగం 2016లోనే మూతపడింది కాబట్టి, పోతే ఇంకోటి కొనుక్కోమనకండి.

ప్యాకింగుకు మీరు వంక పెట్టలేరు. బకిలు వెనక మూతను గీకకుండా మధ్యలో పాత బనీను ముక్క కుక్కాను. బుడగల కవరు మూడు చుట్లు, చిన్న పెట్టె, దానిపైన పెద్ద పెట్టె. చెవి దగ్గర ఊపి చూస్తే లోపల ఏదీ కదల్లేదు. టిక్ టిక్ మాత్రం వినపడింది. మీ స్కానింగు దగ్గర అట్టపెట్టె టిక్కుమంటే ఎంత గొడవో ఊహించుకుని, అంతా విప్పి, కీ దిగిపోయేదాకా ఒకటిన్నర రోజు కూర్చున్నాను. పెట్టె మీద 'వాచీ' అని రాయలేదు. దొంగకు మనమే చెప్పడమెందుకు? (ఇప్పుడు బహిరంగ లేఖలో రాసేశాననుకోండి, అది వేరే సంగతి.)

చిక్కంతా కౌంటరు దగ్గర. ఇన్సూరెన్సు చేయించాలన్నాను. "విలువెంత బాబాయ్?" అంది అక్కడి అమ్మాయి. పాత వాచీల కొట్టతను 1,200 అన్నాడు. అమ్మనడిగితే నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్లిపోయింది.

ఇన్సూరెన్సు మానేద్దామంటే మీ చట్టం తెలుసు. నిబంధనల్లో ఒప్పుకున్నంతకే బాధ్యత, ఆపైన మీకేం సంబంధం లేదు. 1898 చట్టంలోనూ అదే మాట. 2024 జూన్‌లో కొత్తది అమల్లోకొచ్చింది, మాట మారలేదు.

అలాగని మీ మీద నమ్మకం లేక కాదు. 1958 నవంబరులో న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ హోప్ వజ్రాన్ని వాషింగ్టన్ మ్యూజియానికి గోధుమరంగు కాగితంలో చుట్టి పోస్టులోనే పంపాడు. ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. తపాలా ఛార్జీ 2 డాలర్ల 44 సెంట్లే, తక్కినదంతా పది లక్షల డాలర్ల బీమాకే పోయింది. ఆ రాయీ, అసలు కోహినూరూ మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనివేనంటారు. ఆ లెక్కన హోప్ మా వాచీకి పెదనాన్న వరస.

అది వెళ్లింది రిజిస్టర్డ్ పోస్టులో. చేయి మారినచోటల్లా సంతకం పడే టపా అది. మీరేమో 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కలపండి. ఆగిపోయిన వాచీకి స్పీడెందుకు? నాక్కావలసింది సంతకాలు.

విలువ గడిలో చివరికి 1,200 అనే రాశాను. అమ్మకు చెప్పలేదు. పుణె పోస్ట్‌మ్యాన్ గారికి ఒక్క మనవి: మా తమ్ముడు ఇంట్లో ఉండేది మధ్యాహ్నం రెండు దాటాకే. సంతకం వాడి చేతే పెట్టించండి. వాచీ కదా అని వాచ్‌మన్‌కు ఇచ్చిపోకండి.