ఒక పోస్టుకార్డుకు టీకా తాత్పర్యాలు

అవతారిక

కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు గాని రేడియో రిపోర్టుకు రాయలేదు. ఆయన నాటికి మీడియం వేవ్ లేకపోవడమే కారణం అయి ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి విశాఖపట్నంలో ఒక డాబా మీద కూర్చుని పూనుకున్నాం.

మన కోసం ఉద్దేశించని దూరపు స్టేషన్లను వెతికి పట్టుకుని వినే వ్యసనం డీఎక్సింగ్. ఆ వ్యసనపరులు కట్టుకున్న పరిషత్తులు డీఎక్స్ క్లబ్బులు. మీడియం వేవ్ వేటగాళ్ళ నేషనల్ రేడియో క్లబ్ అమెరికాలో పుట్టింది 1933లో. మన హార్బరు తెరుచుకున్నదీ ఆ ఏడాదే, డిసెంబరు 19న. ఈ రెంటికీ సంబంధం లేదు. అయినా వ్యాఖ్యాత అన్నాక ఇలాంటివి చెప్పకుండా ఉండలేడు.

ఈ క్లబ్బుల సాహిత్యమంతా ఒకే ప్రక్రియ. దాన్ని రిసెప్షన్ రిపోర్టు అంటారు. మీడియం వేవ్ నిండుగా మోగిన రోజుల ఫక్కీలో నమూనాకు ఒకటి:

మూలం

"అయ్యా! 684 కిలోహెర్ట్జ్. డిసెంబరు నెల, 12:15 నుంచి 12:40 వరకు, యూటీసీ. హిందీ పాటలు రెండు. పిమ్మట ప్రకటనలో 'పోర్ట్ బ్లెయర్' అని స్పష్టం. సిన్‌పో 33232. రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్, లోపలి యాంటెన్నా. సరిపోలినచో క్యూఎస్ఎల్ కార్డు పంప ప్రార్థన. ఇట్లు, విశాఖపట్నం శ్రోత."

టీక

అయ్యా = ఓ స్టేషను ఇంజినీరు గారూ. పాటలు వేసిన అనౌన్సరును గాని, పాడిన లతను గాని పిలవడం లేదని గ్రహించాలి. డీఎక్సరుకు పాట మీద ఆసక్తి లేదు. పాట ఎప్పుడు ఆగుతుందా, స్టేషను పేరు ఎప్పుడు చెబుతారా అని కాచుకుంటాడు. ఆకాశవాణి విషయంలో ఇది మరీ కష్టం. ఢిల్లీ వార్తలు దేశమంతా ఒకే గొంతుతో వస్తాయి కనుక ఆ పదిహేను నిమిషాలూ అన్ని స్టేషన్లూ ఒకటే.

684 కిలోహెర్ట్జ్ = 9తో భాగించబడే సంఖ్య. 1978 నవంబరు నుంచి ఆసియా, ఆఫ్రికా, యూరప్ ఖండాల్లో మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్ ఎడంతో కూర్చోబెట్టారు. 6, 8, 4 కూడితే 18. 1, 8 కూడితే 9. మన విశాఖ కేంద్రం 927ను కూడినా 9 దగ్గరికే వస్తుంది. కూడినప్పుడు 9 రాలేదంటే డయల్ తప్పు చదివారని అర్థం. సంఖ్యాశాస్త్రం నిజంగా పనిచేసే చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

12:15 యూటీసీ = మన సాయంత్రం 5:45. ఇక్కడ ఆగాలి. కార్డులోని గుట్టంతా ఈ పదంలోనే ఉంది.

శంక: 684 మీద పోర్ట్ బ్లెయర్ ఒక్కటే కాదు, కోళికోడ్ కూడా ఉండేది. విశాఖకు కోళికోడ్ దాదాపు 1080 కిలోమీటర్లు, పోర్ట్ బ్లెయర్ దాదాపు 1200. దగ్గరిదాన్ని వదిలి దూరపుదే వినబడిందని ఎలా నమ్మడం?

సమాధానం: పగటిపూట అయనోవరణం అడుగున ఉండే డి పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. చీకటి పడితే ఆ పొర కరిగిపోతుంది, పై పొరలు తరంగాన్ని వంచి కిందికి తిప్పుతాయి. డిసెంబరులో పోర్ట్ బ్లెయర్‌లో అయిదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. విశాఖలో అయిదున్నర లోపు. కోళికోడ్‌లో ఆరు దాటాక. గడియారం మూడు చోట్లా ఒకటే, సూర్యుడు మాత్రం ఐఎస్‌టీ పాటించడు. కాబట్టి 5:45కి బంగాళాఖాతం మీద చీకటి, పడమటి కనుమల మీద ఇంకా ఎండ. ఆ కాస్త సందులో అండమాన్ గొంతు వస్తుంది. 6:10కి మలయాళం లేచింది, మనవాడు కలం మూశాడు. 12:40 అని ఎందుకు ఆపాడో ఇప్పుడు తెలిసింది కదా.

లోపలి యాంటెన్నా = సెట్టు పైభాగాన అడ్డంగా పడుకున్న నల్లని ఫెర్రైట్ కడ్డీ, దానికి చుట్టిన సన్నని రాగితీగ. ఈ కడ్డీ పక్కల నుంచి వచ్చేది వింటుంది, కొసల వైపు నుంచి వచ్చేదానికి చెవిటిది. విశాఖకు కోళికోడ్ నైరుతి, పోర్ట్ బ్లెయర్ ఆగ్నేయం. రెంటికీ మధ్య కోణం లంబకోణానికి కాస్త ఎక్కువ. కడ్డీ కొసను నైరుతికి గురిపెడితే కోళికోడ్ నీరసిస్తుంది, పోర్ట్ బ్లెయర్ పుంజుకుంటుంది. అంటే సెట్టు ముఖం ఆగ్నేయానికి ఉండాలి. వంటిల్లు ఆగ్నేయాన ఉండాలని పట్టుబట్టే సిద్ధాంతిగారు ఈ సంగతి వింటే సంతోషిస్తారు. బయట తీగ కట్టవచ్చు కదా అంటే, కట్టవచ్చు. బీచి ఉప్పుగాలికి అది ఎంతకాలం నిలుస్తుందో ఇక్కడ డిష్ యాంటెన్నా పెట్టుకున్న ప్రతివారికీ తెలుసు.

సిన్‌పో 33232 = కవి ప్రతిభ అంతా కనిపించేది ఇక్కడే. అయిదు అంకెలు, అయిదు గుణాలు, ఒక్కొక్కదానికీ 1 నుంచి 5 మార్కులు. 5 అంటే ఏ లోపమూ లేదని.

మొదటి 3 సిగ్నల్ బలం. ఫరవాలేదని భావం. రెండో 3 ఇతర స్టేషన్ల అడ్డు. అది కోళికోడ్ అని పైనే చెప్పాం.

మూడోది 2. ఇది రొద. అచ్చంగా విశాఖ అంకె ఇదే. పక్కింటి ట్యూబులైటు చోకు, ఎదురింటి ఫ్యాను రెగ్యులేటరు, వీధి చివర వెల్డింగు షాపు, ఇప్పుడైతే ప్రతి గదిలోనూ చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు. ఫ్యాక్టరీల ఊళ్ళో కాపురం ఉంటూ ఇక్కడ 5 వేసేవాడు అబద్ధాలకోరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటి కరెంటు పోయిన రాత్రుల్లో మాత్రం ఈ అంకెకు 5 వేయవచ్చు. ఊరు ఏడుస్తుంటే ఇదేం లెక్క అంటారేమో. డీఎక్సర్లు అలాంటివాళ్ళే.

నాలుగోది, 3, గొంతు వచ్చిపోతూ ఉండటం. దీన్ని ఫేడింగ్ అని శ్రోత తిట్టుకుంటాడు. వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావు గారి బృందం 1950ల్లో ఇదే ఫేడింగును పట్టుకుంది. అయనోవరణం నుంచి తిరిగొచ్చిన తరంగాన్ని ఎడంగా పెట్టిన రిసీవర్లలో విని, ఒకదానిలో మసకబారాక ఇంకొకదానిలో ఎప్పుడు మసకబారుతోందో చూసి, పైన గాలులు ఎటు, ఎంత వేగంతో వీస్తున్నాయో లెక్కగట్టింది. ఒకరికి చిరాకు పుట్టించినదే ఆంధ్రా యూనివర్సిటీలో మరొకరికి జీవితకాలపు పరిశోధన.

చివరి 2 మొత్తానికి మార్కు. మిగతా నాలుగింటిలో తక్కువదాన్ని ఇది మించరాదని సంప్రదాయం.

పాఠాంతరం: బీబీసీ వారి పాఠంలో రొద, ఫేడింగు లేవు. సియో అని మూడు అంకెలే. అది మన ఊరికి నప్పదు. వైజాగ్ రిపోర్టులో రొద తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

క్యూఎస్ఎల్ కార్డు = "నీవు విన్నది మమ్మల్నే" అని స్టేషను ఇచ్చే ధ్రువపత్రం. ఆకాశవాణి ఏ కేంద్రాన్ని విన్నా కార్డు వచ్చేది ఢిల్లీ స్పెక్ట్రమ్ మేనేజ్‌మెంట్ విభాగం నుంచే. అయ్యా అని పిలిచింది పోర్ట్ బ్లెయర్‌ను, పలకవలసింది ఢిల్లీ.

విశేషాలు

విశాఖ హార్బరు నుంచి పోర్ట్ బ్లెయర్‌కు ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది, రేడియో తరంగానికి సెకనులో 250వ వంతు చాలు. ఆ దీవుల్లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కాబట్టి మన శ్రోత విన్నది మరీ పరాయి ఊరు కాదు.

ఈ వ్యసనం వల్ల ప్రయోజనమేమిటని అడిగేవారికి ఒక నిదర్శనం. హైదరాబాదులో ఎస్. సూరి గారు స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది (వ్యాఖ్యానానికి ఒక సూరి, రేడియోకు ఒక సూరి). ఆ సంస్థవారు వినడమే కాదు, లైసెన్సు తీసుకుని మాట్లాడే హామ్‌లు. ప్రపంచంలోని హామ్‌లంతా అందుకోవాలని తపించే అరుదైన చోట్లలో అండమాన్ ఒకటి. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అక్కడికి వెళ్ళి రేడియో పెట్టింది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. అప్పటిదాకా సరదాకు మోగిన సెట్టు క్షేమ సమాచారాలు అందించే పనిలో పడింది.

ఇప్పటి పరిస్థితి: వినడానికి దూరపు స్టేషన్లే తగ్గిపోతున్నాయి. 2017 జనవరి 31న రేడియో ఆస్ట్రేలియా, 2020 జనవరి 31న బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ నుంచి తప్పుకున్నాయి. ఆ తేదీన క్లబ్బులు తద్దినం పెట్టకపోవడం వారి సహనం.

తాత్పర్యం

మొత్తం మీద మనవాడు చెప్పదలచింది: "చెడుగానే వినబడింది, అయినా మీరేనని పోల్చుకున్నాను." ఇంటి పక్కనున్న 927ను విని 55555 వేసేవాడిని క్లబ్బులో లెక్కలోకి తీసుకోరు. 33232 వేసినవాడి చుట్టూ చేరతారు. స్టేషనును మెప్పించడానికి అంకెలు పెంచి రాసేవారు కొందరున్నారు. ఇంజినీరుకు ఆ కాగితం దేనికీ పనికిరాదు. తన తరంగం ఎక్కడ, ఎప్పుడు, దేనివల్ల చెడిపోతోందో ఆయనకు కావాలి. మీరు ఎప్పుడైనా రాస్తే రొదకు 2 వస్తే 2 అనే రాయండి. 5 వేసినా కార్డు రావచ్చు. వస్తే మాత్రం దాన్ని క్లబ్బుకు పట్టుకెళ్ళకండి.