గడియారాలు నాలుగు, చూపులు ఫోన్‌కే

చార్మినార్‌ను 1591లో కట్టారు. దానికి నాలుగు వైపులా గడియారాలు బిగించింది 1889లో. వాటి కిందే నిలబడి టైమెంతైందో ఫోన్‌లో చూసుకోవడం ఇప్పటి ఆచారం. పక్కనే గాజులమ్మే లాడ్ బజార్‌లో ఫోన్ చేసిన మేలు కాదనలేనిది: 2016లో వచ్చిన యూపీఐతో చిల్లర గొడవ తగ్గింది, డబ్బు ముట్టిందని సౌండ్‌బాక్స్ వీధంతా వినబడేలా చాటుతుంది. బేరం మాత్రం సాగుతూనే ఉంటుంది. గాజుల రంగును వీడియో కాల్‌లో అత్తగారికి, ఆడపడుచుకి, దుబాయ్‌లోని పిన్నికి చూపాలి. ముగ్గురూ మూడు రంగులంటారు. దుకాణదారు మళ్లీ మొదటి డబ్బా విప్పుతాడు. దగ్గర్లోని పత్తర్‌గట్టి రద్దీలో బండి నడిపేవారు మాట్లాడేందుకు ఫోన్‌ను హెల్మెట్‌లో దోపుతారు (హెల్మెట్ పెట్టుకునేదే అందుకేమో). పోలీసుల చలానా కబురూ ఆ ఫోన్‌కే వస్తుంది. దాన్నీ బండి మీదే చదువుతారు.