ఎం-బుక్కు ఎరగని ఇంజనీర్లు

మా రోజుల్లో సివిల్ కుర్రాడు పీడబ్ల్యూడీలో అడుగు పెట్టగానే ఎం-బుక్కు, అంటే పని కొలతలు రాసే పుస్తకం, చేతికొచ్చేది. పేజీలకు అచ్చు నంబర్లుండేవి. ఒక్క కాగితం చింపితే ఉద్యోగానికే ఎసరు. కొలత తప్పు పడితే కొట్టేసి, పక్కన రాసి పొట్టి సంతకం పెట్టాలి, అంతేగాని అంకె మీద అంకె దిద్దకూడదు. కొలతలు ఒప్పుకున్నట్టు కాంట్రాక్టరు అడుగున సంతకం చేసేవాడు. కాంట్రాక్టంటే ఏమిటో వేరే పాఠం చెప్పక్కర్లేకపోయేది.

ఇప్పుడు ఆ పాఠం నేను చెప్పాల్సొస్తోంది. కట్టడాల తగువుల్లో జుట్టు నెరిసిన ప్లీడర్ని, ఇంజనీరింగు కాలేజీకి పిలిస్తే వెళ్తున్నాను. పిల్లలు చురుకైనవాళ్లే, కాదనను. దూలంలో ఎంత ఇనుము వేయాలో సాఫ్ట్‌వేర్‌తో చిటికెలో తేలుస్తారు. టెండరు డాక్యుమెంటు ఇస్తే మాత్రం రేట్లు చూసి మూసేస్తారు. మిగతా పేజీల సంగతేమిట్రా అంటే, "లీగల్ వాళ్లు చూసుకుంటారు సార్" అంటారు. ఆ లీగల్ వాణ్ణి నేనే నాయనా! కేసు నా బల్ల మీదికొచ్చేసరికి సైటు ఎప్పుడు అప్పగించారో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. అదనపు పని ఎవరు చెయ్యమన్నారంటే, "ఏఈ గారు ఫోన్లో చెప్పారండీ, కాంక్రీటు పోసేశాం."

కాంట్రాక్టు చట్టమేమో 1872 నాటిదే. గడువే ప్రధానమనుకున్న ఒప్పందంలో, గడువు దాటాక కూడా పని చేయనిచ్చారనుకోండి. పరిహారం అడుగుతామని అప్పుడే నోటీసు ఇవ్వకపోతే, ఆ ఆలస్యానికి తర్వాత పైసా అడగలేరు. సెక్షన్ 55 అదే చెబుతుంది. లక్షల క్లెయిము ఒక్క ఉత్తరం మీద నిలబడుతుంది. మా కాలపు కాంట్రాక్టరు గుమస్తా ఎనిమిదో తరగతి చదివినవాడైనా, డివిజన్ ఆఫీసులో ఉత్తరమిచ్చి నకలు మీద తేదీతో ముద్ర పడేదాకా గుమ్మం దిగేవాడు కాదు. ఇప్పటి బీటెక్ బాబుకు ఆ ముద్ర చాదస్తం!

మా రోజులన్నీ బంగారమేం కాదు. సర్కారుతో తగువొస్తే ఆ శాఖ సూపరింటెండింగ్ ఇంజనీరే ఆర్బిట్రేటరని ఒప్పందంలోనే రాసుకునేవారు. వేరే సర్కిలు వాడని సర్దిచెప్పేవారు లెండి, సాయంత్రం ఇద్దరూ ఒకే క్లబ్బులో పేకాడుకునేవారు! ఆర్బిట్రేషన్ చట్టానికి 2015లో వచ్చిన సవరణ ఉద్యోగులను ఆ పీట మీంచి దింపింది, పీడా వదిలింది.

మొన్నొకడు లేచి, "వాట్సాప్‌లో బొటనవేలు పెడితే ఒప్పుకున్నట్టేనా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. కెనడాలో ఒక రైతు అవిసె గింజల ఒప్పందం ఫొటోకు ఆ బొటనవేలే జవాబుగా పంపాడు. సరుకు ఇవ్వలేదు. అది సంతకమేనని 2023లో కోర్టు తేల్చి, 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. ఇక్కడ ఏమవుతుందో మన కోర్టులు చెప్పాలి గానీ, ముందా కథ వినండ్రా అన్నాను. చెప్పడం పూర్తయ్యేసరికి క్లాసంతా ఫోన్లు తీసింది. నోట్సు రాసుకోడానికనుకునేరు, ఎవరెవరికి బొటనవేళ్లు పెట్టారో వెతుక్కోడానికి!